ముంపు ఊళ్లో కొత్త ఇల్లు: కట్ట కోసం ఆగాలా, పునాది లేపాలా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మహారాష్ట్ర సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున మీ ఊరు. 2022 జూలై వరదకి మట్టిగోడల పెంకుటింట్లో నాలుగు అడుగుల నీళ్లు వచ్చి, మూడు రోజులు నిలిచి, వెనక గోడ కూలింది. ఇప్పుడు ఘర్కుల్ (సర్కారు ఇంటి పథకం) మంజూరైంది, మిర్చి మీద దాచుకున్న డబ్బు కొంత ఉంది. ఊళ్లో పెద్దలు కరకట్ట వస్తుంది, అప్పటిదాకా ఆగమంటున్నారు. సుతారి మేస్త్రి బేస్‌మెంట్ ఐదు అడుగులు లేపితే చాలంటున్నాడు. మీ బావమరిది ఇంటి చుట్టూ కాంక్రీటు కంపౌండ్ కట్టి ఇనప గేటు బిగిస్తే చుక్క నీరు రాదంటున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లకు పైగా కాలువలు, కట్టలు, తూముల పనుల్లో ఉన్నాను. నదికి దగ్గరి ఊళ్లలో ఇళ్లు కూడా కట్టించాను. మా సొంత ఇల్లు 1986లోనూ మునిగింది, 2022లోనూ మునిగింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ముగ్గురూ ఒకటి వదిలేశారు. మీ స్థలంలో నీళ్లు ఎంత ఎత్తుకి వస్తాయో ఎవరూ కొలవలేదు. ఆ కొలత లేకుండా పునాది గురించి మాట్లాడి లాభం లేదు.

మీరు ఇంట్లో నాలుగు అడుగులు అని రాశారు. పాత ఇంటికి అరుగుతో కలిపి బేస్‌మెంట్ అడుగున్నర అని కూడా మీరే రాశారు. అంటే వాకిలి నేల నుంచి చూస్తే నీళ్లు ఐదున్నర అడుగులు. మేస్త్రి చెప్పినట్టు ఐదు అడుగులు లేపితే, అదే వరద మళ్లీ వచ్చిన రోజున కొత్త ఇంట్లో ఆరు అంగుళాల నీళ్లు ఉంటాయి. అన్ని డబ్బులు పోసి, అంత మట్టి కొట్టి, ఆఖరికి బియ్యం బస్తాలు తడుస్తాయి. మేస్త్రిని తప్పు పట్టడం లేదు. ఆయనకి మీరు చెప్పింది నాలుగు అడుగులే.

కాబట్టి ముందు గుర్తు పట్టుకోండి. 2022 నీటి గీత బడి గోడ మీదో, గుడి స్తంభం మీదో, పాత వేపచెట్టు మీదో ఇంకా కనబడుతుంది. బురద గీత చెరిగిపోయినా, సున్నం ఊడిన గీత ఉంటుంది. పెద్దవాళ్లని పిలిచి 1986 ఆగస్టు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వేలుపెట్టి చూపించమనండి. భద్రాచలం దగ్గర 1986లో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జూలై 16న 71.3 అడుగులకు. అక్కడి లెక్క మన ఊరికి అలాగే సరిపోదు. మనకు ప్రాణహిత ఎత్తు వేరు, గోదావరి ఎదురు పోటు వేరు. కానీ రెండు వరదల గుర్తులూ చూసి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఆ గుర్తుని మీ స్థలానికి తీసుకురావడానికి ఇంజనీరు అక్కర్లేదు. మేస్త్రి దగ్గర ఉండే లెవెల్ పైపు చాలు. పైపు నిండా నీళ్లు పోసి, ముందు రెండు చివరలూ పక్కపక్కన పెట్టి నీళ్లు సమానంగా నిలబడ్డాయో లేదో చూడండి. సమానంగా లేకపోతే లోపల గాలి బుడగ ఉన్నట్టు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. వేలి గోరంత బుడగ ఉన్నా కొలతలో తేడా వస్తుంది. నీళ్లలో కాస్త పసుపు కలిపితే గీత స్పష్టంగా కనబడుతుంది. ఒక చివర బడి గోడ మీది గీతకి ఆనించి, రెండో చివర దారిలో పాతిన కర్రకి కట్టి గీత పెట్టండి. అక్కడి నుంచి ఇంకో కర్రకి, అలా మీ వాకిట్లోకి. వచ్చాక ఆగకండి. అదే దారిలో వెనక్కి కొలుచుకుంటూ బడి గోడ దాకా వెళ్లండి. మొదటి గీతకి, ఇప్పుడొచ్చిన గీతకి అర అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోయే పని. ఇంటి జీవితకాలం అంతా ఆ అర పూట మీద ఆధారపడి ఉంటుంది.

ఇంకో పని కూడా పునాదికి ముందే. మహారాష్ట్రలో నదుల పక్కన పూరరేషలు గీస్తారు. 25 ఏళ్లకోసారి వచ్చే స్థాయి వరదకి నీలి గీత, 100 ఏళ్లకోసారి వచ్చే స్థాయి వరదకి ఎర్ర గీత. నీలి గీత లోపల ఇల్లు కట్టనివ్వరు. తలాఠిని (ఊరి రెవెన్యూ ఉద్యోగిని), జలసంపద విభాగం వాళ్లని అడిగి మీ స్థలం ఏ గీతకి ఏ పక్కన ఉందో తెలుసుకోండి. నీలి గీత లోపల అని తేలితే నా సలహా మారిపోతుంది. ఆ స్థలంలో మీ డబ్బు పోయొద్దు. గ్రామపంచాయతీలో ఎత్తైన గావ్‌ఠాణ్ (ఊరి ఇళ్ల స్థలాల నేల) స్థలం కోసం దరఖాస్తు పెట్టండి, పొలం గట్టున మిట్ట ఉంటే అది చూడండి. తాతల నాటి వాకిలి వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా నాన్న ఒప్పుకోలేదు, 1986 తర్వాత అదే చోట కట్టాడు. 2022లో నా చేతుల మీదుగా ఆ ఇంటి సామాను బురదలోంచి తీశాను.

ఇక కరకట్ట సంగతి. కట్ట వద్దని నేను అనను. భద్రాచలంలో 1986 తర్వాత కట్టిన కరకట్ట 2022లో ఊరిని కాపాడింది. అదే కట్ట లోపల చేరిన నీళ్లని మోటార్లు పెట్టి తోడాల్సి వచ్చింది కూడా. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తేనే కట్ట అంటే ఏమిటో అర్థమవుతుంది. కట్ట నదిని ఆపుతుంది. ఊళ్లో పడ్డ వానని, వెనక అడవి నుంచి దిగే ఒర్రె నీళ్లని ఆపదు. మామూలు రోజుల్లో ఆ నీళ్లు కట్ట కింద తూములోంచి నదిలోకి పోతాయి. నది పెరిగినప్పుడు తూము తలుపు మూసుకోవాలి, లేకపోతే నది నీళ్లే ఊళ్లోకి వస్తాయి. మూసుకుంటే ఒర్రె నీళ్లకి దారి లేదు. నది నిండేది ఎప్పుడు? వానలు దంచికొట్టే రోజుల్లోనే. అందుకని మీ ఊరికి కట్ట మంజూరైన రోజున గ్రామసభలో అడగాల్సిన మొదటి ప్రశ్న కట్ట ఎత్తు ఎంత అని కాదు, ఒర్రె నీళ్లకి ఏం ఏర్పాటు చేశారు, పంపు పెడతారా, డీజిల్ ఎవరు పోస్తారు అని.

రెండో ప్రశ్న ఎన్నేళ్ల వరదకి కడుతున్నారు అని. మన దేశంలో పొలాలున్న ప్రాంతానికి సాధారణంగా 25 ఏళ్ల వరద, పట్టణానికి 100 ఏళ్ల వరద లెక్కన కట్టలు కడతారు. 25 ఏళ్ల వరద అంటే 25 ఏళ్లకి ఒక్కసారే వస్తుందని కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి నాలుగు వంతుల అవకాశం. ఆ లెక్కన 25 ఏళ్లలో ఒక్కసారైనా ఆ లెక్కకి మించిన వరద రావడానికి నూటికి 64 వంతుల అవకాశం ఉంది. మీ పిల్లలు పెద్దయ్యే లోపల అన్నమాట. 100 ఏళ్ల వరదకి కట్టినా, 30 ఏళ్లలో నూటికి 26 వంతులు. కట్ట ఉన్న ఊళ్లో ఇళ్లు కూడా ఎత్తుగానే కట్టుకోవాలని నేను అనేది ఇందుకే. కట్ట తెగితే నీళ్లు మెల్లగా ఎక్కవు, గోడలా వచ్చి పడతాయి.

కట్ట ఎలా తెగుతుందో దగ్గరగా చూశాను. ఒక ఏడు ఆగస్టులో, ఊరు పేరు వద్దు, రాత్రి రెండింటికి కట్ట మీద కాపలాలో ఉన్నాం. నది కట్ట తలకి ఇంకా మూడు అడుగుల కింద ఉంది, అందరూ గండం గడిచిందనుకున్నారు. ఒక పిల్లవాడు కట్ట వెనక పొలంలో కప్పలు అరవడం లేదన్నాడు. టార్చి వేసి చూస్తే కట్ట అడుగుకి ఇరవై అడుగుల దూరంలో పొలంలో పళ్లెమంత చోట నీళ్లు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతున్నాయి. చుట్టూ సన్నని ఇసుక చీమల పుట్టలా గుండ్రంగా పేరుకుంది. బుంగ పడింది. నది నీళ్లు కట్ట కింది ఇసుక పొరలోంచి దారి చేసుకుని వెనక తేలాయి. అరచేతిలోకి తీసుకుని చూస్తే నీళ్లు మురికిగా ఉన్నాయి. తేటగా వస్తే ఊట, కాపలా పెడితే చాలు. మురికిగా వస్తే కట్ట కింది మట్టి తెచ్చుకుంటోందని అర్థం.

అక్కడున్నవాళ్లు బస్తాలు తెచ్చి బుంగని మూసేయబోయారు. మూయకూడదు. ఒకచోట మూస్తే పక్కన తేలుతుంది, ఇంకా గట్టిగా. చుట్టూ ఇసుక బస్తాలతో బావి వరలా గుండ్రంగా పేర్చి, లోపల నీళ్లు నిలబడనివ్వాలి. లోపలి నీటి మట్టం పెరిగేకొద్దీ బయట నది తోపుకి ఎదురు తోపు వస్తుంది, ఇసుక కదలడం ఆగుతుంది. నీళ్లు తేటగా మారినప్పుడు ఆగి, పై నుంచి చిన్న మోరీ వదలాలి. ఆ రాత్రి నాలుగు వరుసల బస్తాలు పేర్చేసరికి తేట నీళ్లు వచ్చాయి. తెల్లారి చూస్తే కట్ట వెనక ఏటవాలుగా బారెడు పొడవు నెర్రె ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే ఆ ఊరు ఉండేది కాదు.

కింది ఇసుక కొట్టుకుపోవడం మట్టి కట్టలకే కాదు. మన పక్కనే మేడిగడ్డ బరాజ్ 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2022 జూలైలో 28 లక్షల క్యూసెక్కులకి పైగా వరద దాని మీదుగా పోయింది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని కేంద్ర డ్యామ్ భద్రతా నిపుణులు కారణాల్లో ఒకటిగా చెప్పారు. అంత పెద్ద కాంక్రీటు కింద జరిగింది, మన ఊరి మట్టికట్ట కింద జరగదని అనుకోలేం. కాబట్టి కట్ట వస్తే సంతోషించండి. దాని మీద చెట్లు మొలవనివ్వకండి, ముళ్లపంది బొరియలు, ఎలుక బొక్కలు వేసవిలోనే పూడ్పించండి, దున్నపోతుల్ని తోలకండి. ఇల్లు మాత్రం కట్ట లేదనుకునే కట్టుకోండి.

కట్ట గురించి ఇంకొక్క మాట. ఇవతల కట్ట వేస్తే నీళ్లు అవతలికి పోతాయి. ఆవలి ఒడ్డున మనవాళ్లే ఉన్నారు, పిల్లనిచ్చాం, తెచ్చుకున్నాం. ఒక్క ఒడ్డుకే కట్ట అడగడం నాకు మనసొప్పదు.

బావమరిది చెప్పిన కంపౌండ్ సంగతికి వస్తాను. ఇది వినడానికి బాగుంటుంది, చాలామంది ఇందులోనే డబ్బు పోగొట్టుకుంటారు. నీళ్లు బరువు. 10 అడుగుల పొడవు గోడకి ఒక పక్క 3 అడుగుల నీళ్లు నిలిచి రెండో పక్క పొడిగా ఉంటే, గోడని తోసే బలం దాదాపు 1,270 కిలోలు. నీళ్లు 6 అడుగులైతే అది రెట్టింపు కాదు, నాలుగింతలు, 5,000 కిలోలు దాటుతుంది. మామూలు ఇటుక గోడ 3 అడుగుల దాకా తట్టుకోవచ్చు, ఆపైన గోడ పగులుతుంది లేదా పడుతుంది. పడితే ఇంటి మీదికే పడుతుంది. ఇంకా నేల కింది నుంచి వచ్చే తోపు ఉంది. బయట 3 అడుగుల నీళ్లుండి లోపల పొడిగా ఉంటే, చదరపు అడుగు గచ్చుని 85 కిలోల బలం కింది నుంచి లేపుతుంది. 4 అంగుళాల కాంక్రీటు గచ్చు బరువు చదరపు అడుగుకి 23 కిలోలే. గచ్చు ఉబ్బి పగలడం ఇందుకే.

పైగా మన వరద కొండవాగు వరద కాదు, వచ్చి రెండు గంటల్లో పోదు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. దాని నీళ్లు 1,09,000 చదరపు కిలోమీటర్ల నేల నుంచి వస్తాయి, మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతు. అంత నేల మీది వాన దిగడానికి రోజులు పడుతుంది. కింద కాళేశ్వరం దగ్గర గోదావరి కూడా నిండుగా ఉంటే ప్రాణహితకి పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతుంది, మన ఒర్రెల్లోకి ఎక్కుతుంది. మూడు రోజులు నీళ్లు నిలిచే చోట కంపౌండ్ ఎంత బిగించినా గేటు సందులోంచి, పునాది కిందినుంచి, మరుగుదొడ్డి పైపులోంచి లోపలికి ఊరుతాయి. మూడు అడుగుల లోపు వచ్చి పోయే పట్టణపు దుకాణానికి షట్టర్ ముందు పలక బిగించడం పనికొస్తుంది. ఐదున్నర అడుగుల మీ ఇంటికి పనికిరాదు. బావమరిదికి కోపం రాకుండా మీరే చెప్పండి.

అంటే మీకు మిగిలింది రెండు దారులు. నీళ్లకి పైన ఉండటం, లేదా నీళ్లని లోపలికి రానిచ్చి నష్టం లేకుండా చూసుకోవడం.

పైన ఉండాలంటే లెక్క ఇది. 2022 గుర్తు ఐదున్నర అడుగులు, దానిపైన కనీసం రెండు అడుగులు అదనం, మొత్తం ఏడున్నర. 1986 గుర్తు ఇంకా పైన ఉందని తేలితే దానికి రెండు కలపండి. ఏడున్నర అడుగులు మట్టితో లేపడం తెలివైన పని కాదు. 30కి 20 అడుగుల ఇంటికి 4,500 ఘనపుటడుగుల మొరం, అంటే 45 బ్రాసులు, కూరిన తర్వాత. ట్రాలీకి బ్రాస్ అనుకున్నా, కూరేటప్పుడు అణిగేది కలిపితే యాభై ట్రిప్పులు దాటుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి చుట్టూ బలమైన గోడ కావాలి. మీ దగ్గర నల్లరేగడి ఉందన్నారు, ఖర్చు తగ్గుతుందని దాన్నే లోపల పోస్తారు కొందరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రెండు వానాకాలాల్లో గచ్చు పగిలిపోతుంది.

ఆ ఎత్తుకి పిల్లర్లే మేలు. కింద ఎనిమిది అడుగులు ఖాళీగా వదిలేయండి. నీళ్లు వస్తే కింద నుంచి పోతాయి, ఇంటిని తోయవు. మిగతా పదకొండు నెలలు కింద ట్రాక్టర్, మేకలు, పత్తి బస్తాలు, అమ్మ పగలు కూర్చోవడానికి నులక మంచం. పిల్లర్లు 9 అంగుళాలవి వేయొద్దు, ఆ ఎత్తుకి సన్నం. 12కి 12 అన్నా ఉండాలి. నేల మట్టంలో ఒక బీము, పైన స్లాబు దగ్గర ఒక బీము, నాలుగు దిక్కులా కట్టాలి. వరదలో కొట్టుకొచ్చే దుంగ తగిలితే ఒక్క పిల్లర్ ఒంటరిగా తట్టుకోలేదు, కట్టి ఉంటే అన్నీ పంచుకుంటాయి. నల్లరేగడిలో పునాది గుంత మామూలు లోతు సరిపోదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలకోసం అండర్ రీమ్డ్ పైల్ అని ఒక పద్ధతి వాడుకలోకి తెచ్చింది. మూడున్నర మీటర్ల దాకా సన్నగా తవ్వి, అడుగున గంటలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన రేగడి ఎంత ఉబ్బినా కింది గంట పట్టుకుని ఉంటుంది. తవ్వే పనిముట్టు తాలూకాలో దొరక్కపోతే, రేగడి దాటి గట్టి మొరం తగిలేదాకా గుంతలు తీయించండి, మధ్యలో ఆపనివ్వకండి.

కింద ఒక పక్కన మరుగుదొడ్డికో, సామాను గదికో గోడలు కట్టాలనిపిస్తుంది. కట్టుకోండి, కానీ నీళ్లు రావడానికీ పోవడానికీ ఎదురెదురు గోడల్లో అడుగున రంధ్రాలు వదలండి. అమెరికా వరద నిబంధనల్లో దీనికో కొలత ఉంది: లోపలి నేల ఒక చదరపు అడుగుకి ఒక చదరపు అంగుళం రంధ్రం, నేల నుంచి అడుగు ఎత్తు దాటకుండా. 200 చదరపు అడుగుల గదికి 10కి 10 అంగుళాలవి రెండు చాలు. జాలీ పెట్టండి, పాములు రావు, కానీ జాలీ మూసే మేరకు రంధ్రం పెద్దది చేయండి. లోపలా బయటా నీళ్లు సమానంగా ఉంటే గోడకి బరువే ఉండదు. పైన చెప్పిన 5,000 కిలోలు సున్నా అవుతాయి.

పిల్లర్లకి డబ్బు చాలదంటే దిగులు పడకండి, రెండో దారిలోనూ నష్టం సగానికి పైగా తప్పించవచ్చు. బేస్‌మెంట్ రెండున్నర అడుగులు వేయండి. రేకులు వద్దు, స్లాబు వేయండి, బయట నుంచి స్లాబు మీదికి మెట్లు కట్టండి. ఈ మెట్లని ఎస్టిమేటులో తర్వాత చూద్దాం అని కొట్టేస్తారు. దయచేసి కొట్టేయనివ్వకండి. అమ్మనీ ఇద్దరు పిల్లల్నీ పడవ వచ్చేదాకా ప్రాణాలతో ఉంచేది ఆ మెట్లే. గుర్తు పైన అడుగు దాకా గోడలు సిమెంటుతోనే కట్టాలి, మట్టి అడుసుతో ఇటుక పేర్చడం వద్దు. 2022లో మీ వెనక గోడ నీళ్లున్నప్పుడు కాదు, నీళ్లు తీసిన రెండో రోజు కూలిందని రాశారు చూడండి, అది మట్టి అడుసు మెత్తబడటం వల్లే. తలుపులకి ప్లైవుడ్ వద్దు, ఉబ్బి ఊడుతుంది. చెక్క తలుపో, ప్లాస్టిక్ తలుపో పెట్టండి. గదిలో గుర్తుకి పైన చుట్టూ సిమెంటు అటక పోయించండి. బియ్యం, బట్టలు, కాగితాలు అరగంటలో ఎక్కించొచ్చు.

కరెంటు సంగతి రెండు దారులకీ ఒకటే. మీటరు, బోర్డు, స్విచ్చులు అన్నీ గుర్తుకి పైన. వైరు పై నుంచి కిందికి దిగాలి, కింది నుంచి పైకి ఎక్కకూడదు. కింది ప్లగ్గులకి వేరే ఎంసీబీ (కరెంటు ఆపే మీట) పెట్టిస్తే నీళ్లు వాకిట్లోకి రాగానే దాన్నొక్కదాన్ని దించి పైన లైటు ఉంచుకోవచ్చు. మునిగిన ఇళ్లలో నీటి కంటే కరెంటు వల్ల పోయిన ప్రాణాల గురించి వింటూనే ఉన్నాం.

సెప్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే వరదలో తేలి పైకి లేస్తుంది. నీళ్లు వస్తున్నాయని తెలిసిన రోజున దాన్నీ, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకునీ నిండా నింపండి. బరువుంటే కదలవు. గాలి పైపు గుర్తుకి పైన ఉండాలి. మరుగుదొడ్డి పైపుకి నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు బిగించండి, లేదా ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచిని గుడ్డలో చుట్టి బేసిన్‌లో గట్టిగా దిగ్గొట్టండి. బోరు కేసింగ్ గుర్తు పైకి లేపించండి. అది మునిగితే వరద పోయాక నెలల పాటు తాగే నీళ్లు చెడిపోతాయి.

మన వరద జూలై, ఆగస్టుల్లో వస్తుంది. అప్పుడు ఇంట్లో పంట ఉండదు, యూరియా బస్తాలు, పత్తి మందుల డబ్బాలు ఉంటాయి. పురుగుమందులు అన్నిటికంటే ముందు పైకెక్కించండి. డబ్బాలు నీళ్లలో తేలి మూత ఊడితే ఆ నీళ్లలోనే పిల్లలు నడవాలి. గొడ్ల పలుపులు విప్పేయండి. గొడ్డు ఈదుకుని మిట్ట వెతుక్కుంటుంది, కట్టేసి ఉంటే అక్కడే పోతుంది.

పెద్ద నది వరదలో మనకున్న అదృష్టం ఒకటే, అది చెప్పి వస్తుంది. పైన భండారా జిల్లాలో వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ గేట్లు ఎత్తారంటే మన లెక్క మొదలైనట్టే. గోదావరి పక్క శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి వదులుతున్నారంటే ఎదురు పోటుకి సిద్ధం కావాలి. రెండూ ఒకేసారి వదులుతున్న రోజున ఆలోచించకుండా అమ్మని ఎత్తు ఊరికి పంపేయండి. ప్రాణహిత మీద టేక్రా దగ్గర కేంద్ర జల సంఘం నీటి మట్టం కొలుస్తుంది, ఆ అంకెని రోజూ చూస్తూ మీ ఊరి గుర్తు పక్కన రాసి పెట్టుకోండి. రెండు వానాకాలాలు రాస్తే టేక్రాలో ఎంత ఉంటే మీ వాకిట్లోకి వస్తుందో మీకే తెలుస్తుంది. ఈ పని ఊరి కుర్రాళ్లు ఒకరైనా చేస్తే ఊరికంతటికీ పనికొస్తుంది.

నీళ్లు తీశాక తొందరపడి కడగకండి. ముందు గోడల మీది గీతతో సహా ఫోటోలు తీసి, తలాఠి పంచనామా అయ్యేదాకా పాడైన సామాను వాకిట్లోనే ఉంచండి. కిటికీలు, తలుపులు తీసి ఉంచండి. గోడలు ఆరడానికి వారాలు పడుతుంది, ఆరకుండా సున్నం వేస్తే బూజు లోపలే ఉంటుంది.

మీ నుంచి మూడు విషయాలు కావాలి. లెవెల్ పైపుతో తెచ్చిన రెండు వరదల గుర్తులు వాకిలి నేలకి ఎంత ఎత్తు, స్థలం పొడవు వెడల్పు, రేగడి ఎంత లోతులో అయిపోతోంది. మూడోదానికి ఒక మూల గుంత తీయించి మట్టి రంగు మారే చోట కొలిస్తే చాలు. ఇవి రాయండి, పిల్లర్లు ఎక్కడెక్కడ రావాలో గీత గీసి పెడతాను. కొలతలు ఈ నెలలోనే తీయండి. పునాది, నేల బీము మే నెల దాటకుండా అయిపోవాలి, జూన్‌లో వాన పడ్డ రేగడి గుంతలో కాంక్రీటు పోయించొద్దు.